మీటరాయన వచ్చే రోజు

ఆ వీధిలో అందరూ ఆమెను హలోగారు అనేవాళ్లు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఎవరి గొంతునో తీసుకెళ్లి ఎవరి చెవికో కలిపి, మధ్యలోంచి తాను తప్పుకోవడమే ఆమె పని. పెళ్లి చేసుకోలేదు. చేసుకోకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు. అన్నయ్య పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక చూద్దామనుకుంది. వాళ్లు పెద్దవాళ్లయ్యేసరికి చూసేవాళ్లెవరూ మిగల్లేదు. అన్నయ్య పోయాక వదిన కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఎక్స్ఛేంజి మూతపడింది. హలోగారికి రెండు గదుల ఇల్లూ, దాని మీద డాబా మిగిలాయి. గోడలకు చెవులుంటాయంటారు. ఆ ఇంటి గోడలకు చెవులున్నా పాపం, వినడానికి మాటలుండేవి కావు.

అలాంటి ఇంటికి ప్రభుత్వం వచ్చి తలుపు కొట్టింది.

ఊళ్లో పసిపిల్లలకు ఆయాసం ఎక్కువైందని గొడవలు జరిగి కొత్త గాలి నియమాలు వచ్చాయి. ప్రతి పేటలోనూ గాలిని కొలిచే యంత్రం ఒకటి పెట్టాలి. సన్నధూళి హద్దు దాటి అలాగే నిలిచిపోతే చుట్టుపక్కల పొగ వదిలేవాళ్ల పని ఆపించాలి. యంత్రానికి చెట్ల అడ్డులేని డాబా, కరెంటు, పిలిస్తే తలుపు తీసే మనిషి కావాలి. హలోగారింట్లో మూడూ ఉన్నాయి. కాలుష్య మండలి వాళ్లు అడగ్గానే సరేనంది. విషయం తెలిసి వదిన, "గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకోవడమంటే ఇదే" అని ఫోన్లో నవ్వింది.

యంత్రమంటే బీరువా అంత పెట్టె, దాని నెత్తిన ఒక గొట్టం, గొట్టానికి టోపీ. అది కొలిచిన అంకె ఎప్పటికప్పుడు మండలి ఆఫీసుకు చేరేది. లోపలి పంపు రాత్రింబవళ్లు సన్నగా మూలుగుతూ ఉండేది. పక్క గదిలో ఎవరో ఒంట్లో బాగోక పడుకున్నట్టుండేది ఆ చప్పుడు. ఆమెకది బాగానే ఉండేది.

వారానికొకసారి మండలి నుంచి ఒక మనిషి వచ్చేవాడు. నలభై దాటినవాడు. మోకాళ్ల నొప్పి. మెట్టుకొకరి చొప్పున తిట్టుకుంటూ ఎక్కేవాడు: మెట్లు కట్టినవాణ్ణి, తన డాక్టర్ని, తన పై అధికారిని. గొట్టంలోంచి వడపోత బిళ్ల తీసి, కొత్తది పెట్టి, కిందికి దిగి ఆమె ఇచ్చిన టీ తాగేవాడు. ఆమె అతన్ని మీటరాయన అనేది.

"తెల్లగా పెట్టాను, ఎలా వచ్చిందో చూడండి పిన్నిగారూ," అని బూడిదరంగుకు తిరిగిన బిళ్లను చూపించేవాడు. "మన ఊపిరితిత్తులదీ ఇదే కథ. కాకపోతే వాటిని వారం వారం మార్చేవాడు లేడు."

"ఇదంతా ఎవరు వదిలిన పొగ నాయనా?"

"తిలాపాపం తలా పిడికెడు. బస్సులు కొంత, కొలుములు కొంత, చెత్త తగలబెట్టేవాళ్లు కొంత. దుమ్ముదేముంది, చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. పొగే అసలు దొంగ. అందులో కణం తల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. ఊపిరితిత్తుల్లోకి దిగి, నెత్తుట్లో కలిసి, చెప్పాపెట్టకుండా కాపురం పెట్టేస్తుంది."

తర్వాత వాళ్లావిడ గురక గురించి చెప్పేవాడు. కాలేజీలో చేరినప్పట్నుంచీ తనతో మాటలు తగ్గించేసిన కూతురి గురించి చెప్పేవాడు. హలోగారు వింటూ ఉండేది. ఎక్స్ఛేంజిలో ఎన్ని గొంతులు విన్నా ఒక్కటీ తనతో మాట్లాడింది కాదు. ఈ గొంతు తన వంక చూస్తూ మాట్లాడుతుంది. గ్లాసు కింద పెట్టి, "వెళ్లొస్తాను పిన్నిగారూ" అని అతను లేచేసరికి ఆ వారం అయిపోయినట్టుండేది.

ఒకరోజు ఆమె పాత పరుపును డాబా మీదికి ఈడ్చుకెళ్లి, కర్రతో బాది దులిపింది. మర్నాడు పొద్దున్నే, తన రోజు కాకపోయినా, మీటరాయన వచ్చాడు.

"అంకె ఒక్కసారిగా ఎగిరిందట పిన్నిగారూ. యంత్రం పాడైందేమో చూసి రమ్మన్నారు. ఏదీ, అన్నీ బాగానే ఉన్నాయే!"

పరుపు సంగతి ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అప్పటికే అతను కుర్చీ లాక్కుని, "టీ ఉందా?" అన్నాడు. ఉంది. ఆ పూట చాలాసేపు కూర్చున్నాడు. కూతురు ముందు రోజు తనంతట తానే వచ్చి పలకరించిందని చెప్పి తెగ సంబరపడ్డాడు. అతను వెళ్లాక ఆమె గ్లాసులు కడుగుతూ తనకు తెలియకుండానే ఏదో పాట అందుకుంది.

ఆ వారం గడిచింది. తర్వాతి వారం వాన పట్టుకుంది. వీధిలో మనిషి అలికిడి లేదు, ఫోను మోగలేదు. వాన వెలిసిన మధ్యాహ్నం ఆమె చాప పట్టుకుని డాబా ఎక్కి, యంత్రం దగ్గరగా దులిపింది. మర్నాడు ఎవరూ రాలేదు. చాపలో పరుపంత దుమ్ము లేదు. పైగా దుమ్ముదేముంది, పొగే అసలు దొంగని అతనే చెప్పాడు కదా.

అటక మీద పాత టెలిఫోన్ డైరెక్టరీలు ఉండేవి, పాత ఉద్యోగం గుర్తుగా దాచుకున్నవి. ఒకదాన్ని దించి, తుప్పు పట్టిన బకెట్లో కాగితాలు చింపి వేసి, డాబా మీద అగ్గిపుల్ల గీసింది. వరసలు వరసలుగా ఇంటిపేర్లూ నంబర్లూ నల్లబడి ముడుచుకుపోయాయి. వాటిలో ఆమె కంఠతా వచ్చినవి ఎన్నో. పొగ గొట్టం టోపీ చుట్టూ తిరిగి, లోపలికి వంగినట్టు వంగింది.

మర్నాడు మీటరాయన వచ్చాడు.

ఆ తర్వాత అది అలవాటైపోయింది. పనిగట్టుకుని ఎవరికో హాని చెయ్యాలని ఆమె అనుకోలేదు. తలనొప్పి వస్తే మాత్ర వేసుకున్నట్టు, ఇంట్లో నిశ్శబ్దం మరీ బరువైన రోజున నాలుగు కాగితాలు కాల్చేది. మీటరాయన వచ్చి, తల గోక్కుని, యంత్రం విప్పి, బిగించి, టీ తాగి వెళ్లేవాడు. బిళ్లలు మాత్రం నల్లగా రాసాగాయి.

"మీ వెనక వీధిలో పోత కార్ఖానా ఉంది చూడండి, గాలి అటునుంచే వస్తోంది," అన్నాడొకరోజు. "కొలిమికి ధూళి పట్టే సంచులు కొత్తగా పెట్టించాడు దాన్ని నడిపే మేస్త్రి. నియమం ప్రకారం అన్నీ ఉన్నాయి. అయినా అంకె దిగదేం? నిప్పు లేనిదే పొగ రాదు కదా."

హలోగారు టీ వడగడుతూ, "ఆయన మంచివాడే నాయనా" అంది.

"మంచివాళ్ల పొయ్యిలోంచి మాత్రం పూలవాసన వస్తుందా పిన్నిగారూ?" అని అతను నవ్వాడు.

నెల సగటు హద్దు దాటింది. ఒకరోజు పొద్దున మండలి జీపు వెనక వీధిలో ఆగింది. హలోగారు డాబా మీద నుంచి అంతా చూసింది. పోత మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఇత్తడి కుళాయిలు పోత పోసే చిన్న కార్ఖానా అది. పనివాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చి, ఏం చెయ్యాలో తోచక అరుగు మీద కూర్చున్నారు. "సంచులు పెట్టమన్నారు, పెట్టాను. చిమ్నీ ఎత్తు పెంచమన్నారు, పెంచాను. ఇంకేం చెయ్యమంటారు?" అని మేస్త్రి అడుగుతున్నాడు. జీపులో వచ్చినవాళ్లు తలుపు తాళానికి గుడ్డ చుట్టి లక్క సీలు వేశారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమని ఎవరో అన్నారు. మేస్త్రి తలెత్తి, ఇళ్ల కప్పుల మీదుగా ఆమె డాబా మీది యంత్రం వంక చూశాడు. ఆమె గభాలున కూర్చుండిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె బకెట్టు ముట్టుకోలేదు. వెనక వీధి నుంచి రోజూ వినిపించే సుత్తి చప్పుడు ఆగిపోయింది. అన్నేళ్లుగా అది తన చెవిలో ఉందన్న సంగతి ఆగిపోయాకే ఆమెకు తెలిసింది. దుప్పటి తలమీదికి లాక్కుని పడుకుని తనకు తాను చెప్పుకుంది: నాలుగు రోజులాగితే వాళ్లే తెరుస్తారు, అంతా సర్దుకుంటుంది.

సర్దుకోలేదు. మీటరాయన తన వారానికి వచ్చినప్పుడు అతని ముఖం వెలిగిపోతోంది.

"చూశారా పిన్నిగారూ! సీలు వేసిన మర్నాటి నుంచీ అంకె దిగిపోయింది. బిళ్ల ఎంత తెల్లగా ఉందో చూడండి. కొలిమే దోషి అని తేలిపోయింది. కార్ఖానా ఊరి బయటికి తరలించమని ఉత్తర్వు తయారవుతోంది."

ఆమె కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడింది. టీ పొయ్యి మీద పొంగిపోతోంది. ఇద్దరిలో ఎవరూ పొయ్యి ఆపలేదు.

"అది కొలిమి కాదు నాయనా. నేను."

అతనికి అర్థం కాలేదు. ఆమె అటక కింద దాచిన బకెట్టు తెచ్చి అతని ముందు పెట్టింది. అడుగున కాలిన కాగితాల నల్లటి రేకులు, వాటిలో ఒకదాని మీద ఇంకా చదవగలిగే అంకెలు.

"నువ్వు వస్తావని," అంది. గొంతు ఎక్స్ఛేంజిలో మాట్లాడినట్టే స్పష్టంగా వచ్చింది. అందుకే ఆమెకు ఇంకా సిగ్గేసింది.

మీటరాయన బకెట్లోకి వంగి చూశాడు. కోపం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది.

"అక్కడ మనుషుల నోటి దగ్గర కూడు పోయింది పిన్నిగారూ! నా సంతకంతో పోయింది!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "రమ్మని ఒక్క మాట అడగాల్సింది. రోజూ కాకపోయినా, ఎప్పుడో ఓసారి ఇటు వచ్చేవాణ్ణే."

"అడగడం నాకు రాదు నాయనా. ఎవరైనా అడిగితే కలపడం వచ్చు, అంతే."

అతను టీ తాగలేదు. ఆమె చెప్పులు వేసుకుని అతని వెంట మండలి ఆఫీసుకు వెళ్లింది. బస్సులో ఇద్దరూ వేరు వేరు సీట్లలో కూర్చున్నారు.

అక్కడి ఇంజినీరు ముప్పయ్యేళ్ల అమ్మాయి. మొదట నమ్మలేదు. ఎవరో బెదిరించి చెప్పిస్తున్నారేమోనని, "అమ్మా, మీ మీద ఎవరిదైనా ఒత్తిడి ఉందా?" అని రెండుసార్లు అడిగింది. లేదని తేలాక కలం పక్కన పెట్టి, చేతుల్లో ముఖం దాచుకుంది.

"తప్పు మీదొక్కరిదే కాదమ్మా," అంది చివరికి. "ఒక్క పెట్టె చెప్పింది విని ఒక పేట మీద తీర్పు చెప్పేశాం. కొలిమి దగ్గర ఒకసారి, దానికి ఎగువన ఒకసారి కొలవాల్సింది. తొందరపడ్డాం. పిల్లల ఆయాసం నిజం, అందుకే తొందరపడ్డాం." కలం మళ్లీ అందుకుని, "యంత్రం మాత్రం మీ ఇంట్లో ఉంచలేను" అంది.

"తెలుసమ్మా."

సీలు తీసి, కొలిమి వెలిగించి, చుట్టూ కొత్తగా కొలిచారు. హద్దు లోపలే ఉంది. ఉత్తర్వు రద్దయింది. జరిగిందంతా వీధికి తెలిసింది. హలోగారిని ఎవరూ ఒక్క మాట అనలేదు. కూరల కొట్టు దగ్గర ఆమె వెళ్లేసరికి మాటలు ఆగేవి, అంతే. వదిన ఫోన్ చేసి, "నాతో చెప్పి ఉంటే నేను రోజూ మాట్లాడేదాన్ని కదే" అని ఏడ్చింది. వారం రోజులు రోజూ మాట్లాడింది. తర్వాత మనవడికి పరీక్షలొచ్చాయి.

యంత్రం విప్పడానికి మీటరాయన ఇద్దరు కూలీలతో వచ్చాడు. మెట్లెక్కుతూ ఎవర్నీ తిట్టలేదు. బోల్టులు ఊడదీసి, పెట్టెను తాళ్లతో కట్టి, జాగ్రత్తగా దించారు. దాన్ని బడి డాబా మీద పెడతారట. గుమ్మంలో ఆగి, జేబు తడుముకున్నాడు.

"వెళ్తాను పిన్నిగారూ" అన్నాడు.

వెళ్లొస్తాను అనలేదు. అతను సందు మలుపు తిరిగేదాకా ఆమె ఆ మాటనే వింటూ నిలబడింది. లోపలికెళ్తే ఇల్లు నిజంగానే నిశ్శబ్దంగా ఉంది. మూలుగు కూడా లేదు.

వెనక వీధిలో సుత్తి మోగుతోంది. కొన్నాళ్లు ఆ చప్పుడు వింటూ గడిపి, ఒక మధ్యాహ్నం ఆమె తలుపు వేసి, సందు చుట్టి వెళ్లి, కార్ఖానా గుమ్మంలో నిలబడింది.

మేస్త్రి తడి ఇసుకను అచ్చులో కూరుతున్నాడు. తలెత్తి చూసి, "ఏం కావాలి?" అన్నాడు.

"ఏమీ వద్దు. మీకు నేనే చెప్పుకోవాలి కదా అని వచ్చాను."

"ఆఫీసులో చెప్పారుగా. నాకు చదివి వినిపించారు." ఇసుక మీద అరచేత్తో గట్టిగా అదిమాడు. "మా మనుషుల్లో ఇద్దరు వేరే పనుల్లో చేరిపోయారు. మళ్లీ రారు. అందులో ఒకడికి పని నేర్పింది నేనే."

"తప్పు నాదేనండీ."

"మీదే."

మళ్లీ ఇసుక కూరసాగాడు. పొమ్మని మాత్రం అనలేదు. ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కాసేపటికి ఒక పనివాడు ఖాళీ పెట్టె బోర్లించి ఆమె వైపు కాలితో తోశాడు. ఆమె కూర్చోబోతుంటే మేస్త్రి కసిరాడు: "అక్కడ కాదు, నిప్పురవ్వలు పడతాయి. ఇటు జరగండి."

జరిగి కూర్చుంది. కొలిమిలోంచి ఇత్తడి కరిగించిన మూస బయటికొచ్చింది. కరిగిన ఇత్తడి అచ్చుల్లోకి దిగుతుంటే తెల్లటి పొగ లేచి, పైనున్న గొట్టంలోకి ఈడ్చుకుపోయింది. వాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు: ఇసుక తేమ గురించి, ఎవరిదో మేనల్లుడి గురించి, పక్క కార్ఖానా వాడి పిసినారితనం గురించి. ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. ఆమె వింటూ కూర్చుంది. మధ్యలోంచి తప్పుకోవాల్సిన పని ఇక్కడ లేదు.

సాయంత్రం కొలిమి ఆర్పారు. మేస్త్రి ఒంటికి అడ్డుగా కట్టుకున్న తోలుగుడ్డ విప్పి మేకుకు తగిలించి, తాళం తీసుకున్నాడు. ఆమె లేచి బయటికొచ్చింది.

"రేపు రాకండి" అన్నాడు ఆమె వంక చూడకుండా.

ఆమె తలూపింది. చెప్పులు వేసుకోవడానికి వంగింది. కళ్లలో నీళ్లు కనపడకూడదని ఇంకాసేపు వంగే ఉంది.

మేస్త్రి తాళం వేసి, ఒకసారి లాగి చూశాడు.

"రేపు మాకు సెలవు" అన్నాడు.