నీడల హాజరు

మందమర్రి అవతల అడివి కొట్టి ఖైదీలకు గుడిసెలు వేసిన్రు. నైజాం పోయిన కొత్తల సంగతి అది. మిగిలిన శిక్షంతా ఇక్కడ బొగ్గు తవ్వి తీర్చాలె. పెండ్లాన్ని తెచ్చుకొని కాపురం చేసుకోవచ్చు గని గేటు దాటొద్దు. అదీ వాళ్ళ దయ!

ఎండ పొడిచినంక బొగ్గు బాయి కాడ జమాదారు నాగయ్య హాజరు తీసుకునేటోడు. అందరి మొకాలు మసే. ఎవడు ఖైదీనో ఎవడు కూలోడో ఎట్ల తెలుస్తది? అందుకే ఆయన మొకాలు చూడడు, నీడలు చూస్తడు. జైల్ల కాళ్ళ బేడీలు ఊడదీసిన్రు గని నీడల బేడీలు ఎవరు తీస్తరు? ఖైదీలు నడిస్తే నేల మీద గలగలమని చప్పుడైతది. కుక్కలు సుత దానికి మొరగడం మానేసినయి.

కైలాసం హుజూరాబాద్ దిక్కు నేతగాడు. కోపంల సావుకారిని మగ్గం కర్రతోని కొట్టిండు, ఆయన మళ్ళ లేవలే. తప్పే అని కైలాసమే ఒప్పుకుంటడు. పెండ్లాం నర్మద ఏడ్చుకుంట వచ్చి ఈ గుడిసెల పొయ్యి పెట్టింది. ఇప్పుడు ఆమెకు నెలలు నిండినయి. కైలాసానికి అదే ఫికర్.

ఎందుకంటే పక్క గుడిసె తోమాసు బిడ్డ సంతోషమ్మ ఇక్కడనే పుట్టింది. ఏ పాపం ఎరగని పిల్ల. అయినా దాని నీడకు బాపు బేడీలే. బడికి పోతనన్నా నాగయ్య గేటు కాడ ఆపి ఎనకకు తోలుతడు.

"తోమాసన్నా, నా బిడ్డకు సుత గిదే గతా?"

తోమాసు చుట్ట ఆర్పిండు. "ఒక్క ఉపాయం ఉన్నది. బిడ్డ పుట్టకముందే చెయ్యాలె. బాయి అడుగున బత్తి ఆర్పి, ఎనకకు చూడకుండ పైకి రా. నీడ ఆ చీకట్లనే ఉండిపోతది."

"మరి నువ్వెందుకు చెయ్యలే?"

"నీడ లేనోనికి హాజరు వెయ్యరు. హాజరు లేనోడు సచ్చిన లెక్క. బియ్యం రావు, కూలి రాదు. పానం మీద తీపి తమ్మీ, భయపడ్డ." ముసలాయన బిడ్డ దిక్కు చూసి మొకం తిప్పుకున్నడు.

ఒకనాడు పొద్దుగాలనే నర్మదకు నొప్పులు మొదలైనయి. మంత్రసాని చంద్రవ్వ కైలాసాన్ని బయటికి నూకింది. "పో, పనికి పో! ఆడోళ్ళ కాడ నీకేం పని?"

కైలాసం ఉరికిండు. బాయి అడుగుకు దిగి బత్తి ఊదిండు. చీకట్ల ఎనక నుంచి గలగలమన్నది, పిలిచినట్టే. జైల్ల ఏడ్చిన దినాల పక్కన పండుకున్నది ఆ నీడొక్కటే. పాపం అనిపించింది, పానం గుంజింది. అయినా తిరిగి చూడలే. గోడ తడుముకుంట, మోకాళ్ళు చీరుకపోతుంటే పైకి వచ్చి ఇంటికి ఉరికిండు.

అప్పుడే ఆడపిల్ల పుట్టింది. చంద్రవ్వ గడపల ఎండకు ఎత్తి పట్టింది. నేల మీద చిన్న నీడ కాళ్ళు ఆడిస్తుంది. చప్పుడు లేదు. నర్మద నవ్వుకుంటనే ఏడ్చింది. తర్వాత మొగని కాళ్ళ కాడ చూసింది.

"నీదేదయ్యా?"

"ఇడిచిపెట్టిన."

తెల్లారి నాగయ్య హాజరు పిలిచిండు. "కైలాసం!"

"ఉన్న దొరా!"

నాగయ్య నేలను చూసిండు. ఒట్టి మట్టి. "కైలాసం లేడు."

"నీ ముందరనే ఉన్న గదా!"

"లేడన్న గదా," అనుకుంట ఇంకో పేరు పిలిచిండు.

బియ్యం సంచి ఖాళీగ తిరిగి వచ్చింది. కొన్ని దినాలకు నాగయ్యే గుడిసె కాడికి వచ్చిండు. "మొగడు పోయినంక ఖైదీ గుడిసె నీకెందుకమ్మా? ఖాళీ చెయ్యి."

"నీ నోట్ల మన్ను పడ! మనిషి గీడ నిలబడి ఉంటే పోయిండంటవా?" పచ్చి బాలెంత గొంతు పోయేదాక తిట్టింది. నాగయ్య గేటు దిక్కు చెయ్యి చూపిండు.

గిన్నెలు మూటగట్టుకొని గేటు కాడికి పోయిన్రు. నాగయ్య గేటు తీసిండు. నర్మద దాటింది. పిల్లను ఎత్తుకొని కైలాసం సుత దాటిండు. ఎవ్వరు ఆపలే.

ఎటు పోవాలెనో తెల్వది. సచ్చినోనికి ఎవరు పని ఇస్తరు? కొంత దూరం పోయినంక నర్మద కిందికి చూసి ఆగిపోయింది. తొవ్వ మీద తన నీడ ఉన్నది. దాని పక్కన, ఎవ్వరు ఎత్తుకోకుండనే, పసిపిల్ల నీడ ఒక్కటే గాలిల తేలినట్టు పోతున్నది.

"పిల్లను ఇటియ్యి. ఎవ్వరు లేనిదాని లెక్క కనిపిస్తున్నది."

కైలాసం ఇయ్యలే. పిల్లను గట్టిగ అదుముకున్నడు.

"జరసేపు ఉండనియ్యి," అన్నడు. "నీడను చూడకుండ నేనున్నట్టు దానికొక్కదానికే తెలుస్తున్నది."