అటెండెన్స్ పేరుతో తీసిన ఫోటోలు

నిత్య తమిళనాడులోని కడంబత్తూరులో, ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తా ఉండేది. తిరుత్తణిలో ఒక కంపెనీ ఇన్సూరెన్స్ ఫారాలు ఆడవాళ్ల చేత టైపు చేయించేది. లాప్‌టాప్ నిత్యదే. చేరినరోజు మేనేజరు విజయకుమార్ అందులో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఇది వట్టి అటెండెన్స్‌కేనమ్మా, వచ్చిన టైము, పోయిన టైము రాసుకుంటుంది, అంతే అన్నాడు. ఆ మాట నమ్మి రెండేళ్లు ఒళ్లొంచి పనిచేసింది.

ఈ ఏడాది ఆమె అత్త గోవిందమ్మకు రొమ్ములో గడ్డ అని తేలి, చెన్నైలో ఆపరేషన్ చేసి ఒక పక్క తీసేసినారు. ఇంటికొచ్చినాక రోజూ కట్టు మార్చాల. ఆ వేళకు గోవిందమ్మ కన్నకొడుకును కూడా లోపలికి రానిచ్చేది కాదు. పదకొండు గంటలకు తలుపు గడియపెట్టి నిత్య ఒక్కతే మార్చేది. ఉన్నది ఒకే గది. మంచానికి ఎదురుగా మేజా, దాని మీద తెరిచిన లాప్‌టాప్.

ఒకనాడు విజయకుమార్ ఫోన్ చేసి, పని తగ్గుతోందని సణిగి, చివర్లో మామూలుగా అన్నాడు: "మీ అత్తకు కట్టు కట్టేది భోజనం టైములో పెట్టుకోమ్మా."

సరే సార్ అని ఫోన్ పెట్టినాక నిత్యకు తట్టింది. కట్టు సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. లాప్‌టాప్ వైపు చూసింది. అది పాతది, కెమెరా పనిచేస్తుంటే వెలిగే దీపం కూడా దానికి లేదు.

మరుసటిరోజు రైలెక్కి తిరుత్తణికి పోయింది. ఏం చూసినావో చూపించమని విజయకుమార్‌ను అడిగింది. అతను జంకకుండా తన కంప్యూటర్ ఆమె వైపు తిప్పినాడు. పది నిమిషాలకొక ఫోటో. అన్నం తింటా, తల దువ్వుకుంటా తను. ఆ లాప్‌టాప్‌లో నించి మొగుడికి పంపిన మెసేజీలు కూడా అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. ఆ కింద, రవిక లేకుండా చెయ్యెత్తి కూర్చున్న గోవిందమ్మ.

"ఇవి యాడికి పోతాయి?"

"పైకి పోతాయమ్మా. యాడికో నాకూ తెలీదు. నువ్వు ఒప్పుకుని టిక్ పెట్టినావు కదా," అని టీ గ్లాసు అందుకున్నాడు.

ఒళ్లు మండిపోయింది నిత్యకు. "నేను పెట్టినాననుకో సార్. మా అత్త యాడ పెట్టింది?"

తెర మీద పక్కనే, తనలాగా టైపు చేసే ఆడవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్ల జాబితా ఉంటే ఆమె సెల్లులో ఫోటో తీసుకోబోయింది, అతను అడ్డమొచ్చినాడు. చెయ్యి తగిలితే ఇక్కడే రచ్చ చేస్తానని చెప్పి బయటికొచ్చింది.

తిరుగురైల్లో, జాబితాలో ఉన్న సెల్వికి ఫోన్ చేసింది. సంగతంతా విని సెల్వి, తను బిడ్డకు పాలిచ్చేది లాప్‌టాప్ ముందరి కుర్చీలోనే అనింది.

ఇంటికొచ్చి అత్తకు ఎట్లా చెప్పాలో తెలీక, ఉన్నదున్నట్టు చెప్పేసింది. గోవిందమ్మ ఏడవలేదు. కోక మార్చుకుని వాకిట్లోకొచ్చింది. "కొడుకుకే చూపించని ఒళ్లు వాడెవడు చూసేదానికి? పద, నేనే చెప్తా."

తిరువళ్లూరులో పోలీసులు మొదట ఇది కంపెనీ విషయం, మాట్లాడుకోండి అన్నారు. గోవిందమ్మ బల్ల మీద కూర్చుని లేవలేదు. మధ్యాన్నానికి ఇన్‌స్పెక్టరు వచ్చి ఫిర్యాదు తమిళంలో రాయించినాడు. నిత్య చదివి తెలుగులో చెప్పింది. దాంట్లో 'ఇబ్బంది కలిగించారు' అని ఉంటే ముసలామె ఒప్పుకోలేదు.

"ఇబ్బంది కాదయ్యా. దొంగతనం అని రాయి."

కొట్టేసి రాసినాక, తెలుగు అక్షరాలతో సంతకం పెట్టింది. సెల్వితో పాటు ఇంకో ముగ్గురు ఆ వారంలోనే ఫిర్యాదు ఇచ్చినారు.

ఆఫీసులో కంప్యూటర్లు పోలీసులు ఎత్తుకుపోయినారు. విజయకుమార్ జామీను మీద బయటికొచ్చినాడు. నిత్య ఉద్యోగం పోయింది. ఫోటోలు మాత్రం యాడున్నాయో ఎవరూ చెప్పలేదు. అవి ఏదో వేరే దేశం కంప్యూటర్లో ఉన్నాయంట, పోలీసులు జాబు రాసినారంట.

పోయిన సోమవారం ఇన్‌స్పెక్టరు ఫోన్ చేసి, కంపెనీవాళ్లు క్షమాపణ పత్రం ఇస్తామంటున్నారు, కేసు వాపసు తీసుకుంటారా అని అడిగినాడు. నిత్య నోరు తెరవకముందే గోవిందమ్మ ఫోన్ లాక్కునింది.

"వాళ్ల కాగితం నాకెందుకయ్యా. నా బొమ్మ యాడుందో కనుక్కో. అంతవరకు కేసు తియ్యను."