వీపు చూపిన దిక్కు

ఇస్త్రీ ఆవిడ రోజూ పొద్దున్నే రెండు అద్దాల మధ్య నిలబడి వీపు చూసుకుంటుంది. ఒకటి గోడకి తగిలించినది, ఇంకోటి చేతిలో పట్టుకునేది. ముందు మొటిమలు చూస్తుంది. లాండ్రీలో ఆవిరి కక్కే ఇస్త్రీ పెట్టెతో రోజంతా దుప్పట్లు రుద్దే పని. చెమట వీపుకి బట్ట రాసుకుని రాసుకుని భుజాల మధ్య ఎర్రగా, చీముతో, ముట్టుకుంటే ప్రాణం పోయేలా లేచాయి. తర్వాత వెంట్రుకలు చూస్తుంది. అవి ఎప్పట్లాగే కిందికి వాలి పడుకుని ఉంటాయి. అద్దం బోర్లించి పనికి పోతుంది.

ఆ వెంట్రుకల సంగతి పుట్టుకతో వచ్చింది. తనని ఎవరు ఇష్టంగా తలుచుకుంటుంటే వాళ్ళ వైపు వాలుతాయి, గాలికి గడ్డి వాలినట్టు. చిన్నప్పుడు ఇంట్లో అదొక సదుపాయం. నాన్న పని మీద ఊళ్ళు తిరిగేవాడు. అమ్మ పిల్ల చొక్కా పైకెత్తి వీపు చూసి, "స్టేషన్ వైపు తిరిగాయే, మీ నాన్న దిగినట్టున్నాడు" అని పొయ్యి వెలిగించేది. నాన్న పోయాడు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆసుపత్రి వైపే వాలి ఉన్నాయి. అమ్మ కూడా పోయాక ఆ ఇల్లు ఖాళీ చేసి ఈ మేడ మీది గదికి మారింది. మారిన కొన్నాళ్ళకి కిందికి పడుకున్నాయి, మళ్ళీ లేవలేదు. తలుచుకునేవాళ్ళు లేరన్న సంగతి మనిషికి అంత కచ్చితంగా తెలియకూడదు. మిగతావాళ్ళకి ఉన్నారేమో అన్న అనుమానమైనా మిగులుతుంది.

కింద గదిలో పుస్తకాలు బైండు చేసే ఆయన ఒక్కడే ఉంటాడు. ఆవిడ ఆరేసిన గౌను నీళ్ళు ఆయన కాగితాల మీద కారి ఒకసారి పెద్ద పోట్లాట అయింది. అప్పట్నుంచి మెట్ల దగ్గర ఎదురుపడితే ఆవిడ గోడ చూస్తుంది, ఆయన చెప్పులు చూసుకుంటాడు.

ఓ ఆదివారం అక్క వచ్చి వీపు చూసి మొహం చిట్లించింది.

"ఆసుపత్రిలో ఆ లేజర్ లైటు పెట్టించుకోవే. మొటిమలూ పోతాయి, ఆ బొచ్చూ పోతుంది."

"బొచ్చు నిన్నేం చేసిందే?"

"ఏం చేస్తుంది? సొంత అక్కని పక్కనే నుంచున్నా నా వైపు వాలి చావదు."

"నువ్వు తలుచుకుంటే కదా. నీ మనసంతా పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానా అని."

అక్క నవ్వలేదు. గబగబా చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళింది, పాలు చూసుకోవడానికి.

ఆ వారమే చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయింది. మొటిమల గురించి అడగాల్సినవన్నీ వదిలేసి, "మందు వాడితే వెంట్రుకలు ఏమవుతాయి?" అంది.

"పూత మందుకి రాలవు. కాస్త రంగు తగ్గుతాయేమో, అంతే. మీ తువ్వాలు కూడా రంగు పోతుంది, జాగ్రత్త. మాత్రలకి కొందరికి పల్చబడతాయి. లైటు అలా కాదు, వేరు దాకా పోతుంది. పోయినవి మళ్ళీ రాకపోవచ్చు." డాక్టరమ్మ కళ్ళజోడు మీంచి చూసింది. "వీపు మీదవి పోతే నష్టమేముందమ్మా?"

"ఏమీ లేదు. లైటే పెట్టండి" అంది ఇస్త్రీ ఆవిడ. రోజూ పొద్దున్నే లేచి, నీకెవరూ లేరని తన వీపుతోనే చెప్పించుకోవడం ఇక చాలనిపించింది.

లైటు పెట్టే రోజు అద్దం జోలికి పోకుండా, మామూలు కంటే ముందే మెట్లు దిగింది. ఆసుపత్రిలో బల్ల మీద బోర్లా పడుకుంది. నర్సు బ్లేడు పట్టుకుని వంగి ఆగిపోయింది.

"ఎటు నుంచి గీకాలో తెలియట్లేదండీ. అన్నీ అడ్డం తిరిగి ఉన్నాయి, కిటికీ వైపు. మా పిన్నికి ఇలాగే కనుబొమ్మలు తిరిగేవి. మహా చిరాకు."

"కిందికి కదా ఉండాలి?"

"కిందికి లేవు, పక్కకున్నాయి. దువ్వినట్టు."

ఆవిడ లేచి, తల పెట్టిన చోట కాళ్ళు పెట్టి పడుకుంది.

"ఇప్పుడు?"

"మళ్ళీ కిటికీకే. ఎవరున్నారండీ అటు?"

ఆవిడ తల తిప్పి చూసింది. రోడ్డు, మందుల కొట్టు, దాని వెనక మలుపులో తన మేడ. పైన తన గది తాళం వేసి ఉంది. కింద తలుపు తీసి ఉంది.

పైగదిలో నిలబడినంత కాలం ఆ దిక్కు కింద అవుతుంది. రెండు అద్దాలు పెట్టి ఇన్నేళ్ళు చూసిన వీపుని ఎంత తప్పు చదివింది! పడుకున్నాయనుకుంది. అవి పని చేస్తూనే ఉన్నాయి.

"బ్లేడు తీసెయ్యి. పూత మందు రాసుకుంటాను."

"చేత్తో అందదు మరి, నడి వీపు. ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

ఆవిడ బల్ల దిగింది. గౌను గుండీలు తప్పుగా పెట్టుకుని మందు గొట్టంతో బయటపడింది.

బైండింగాయన గుమ్మంలో నీడ చూసి తలెత్తాడు.

"మళ్ళీ నీళ్ళు కారుతున్నాయా?"

"లేదు. పొద్దుట్నుంచీ నా గురించి ఏమనుకుంటున్నారు?"

ఆయన జిగురు గిన్నెలోకి చూశాడు. "పొద్దున మీ చెప్పుల చప్పుడు తొందరగా వెళ్ళిపోయింది. ఒంట్లో బాలేదేమో అని..." ఆగాడు. "మీకెలా తెలుసు?"

"నా వీపుకి తెలుసు. మీ కళ్ళు మాత్రం మీ చెప్పులకే అతుక్కుపోయాయనుకున్నా."

"పోట్లాడినావిడ మొహం ఎలా చూస్తానండీ?"

ఆవిడ మందు గొట్టం బల్ల మీద పెట్టింది. "నడి వీపుకి నాకు చెయ్యి అందదు."

ఆయన లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. చేతులు రెండుసార్లు కడిగాడు. గోళ్ళ దగ్గర జిగురు వదల్లేదు. అరలోంచి ఇంకా వాడని మెత్తటి కుంచె తీసి, తలుపు ఓరగా వేశాడు.

ఆవిడ వీపు తిప్పి, స్టూలు మీద కూర్చుని పై గుండీలు తీసింది. మందు చల్లగా తగిలింది. కుంచె కాస్త కదిలి, ఆగింది.

"వెంట్రుకలు లేచి కుంచెకి అడ్డం వస్తున్నాయండీ."

"రానివ్వండి" అంది ఆవిడ.