దానంతటదే లేస్తుంది

నెలకోసారి మా సర్వర్లను మేమే పడగొట్టుకుంటాం. నవ్వకండి, అందుకు జీతాలు కూడా ఇస్తారు. అంబులెన్సులను పిలిచే యాప్ మాది. ఒక సర్వర్ పడిపోతే పక్కది పని అందుకుంటుందా లేదా అని చూడడానికి, సర్వర్లను పడగొట్టే ప్రోగ్రాం ఒకటి ఉంది. దాన్ని మేం ముద్దుగా ‘రౌడీ’ అంటాం. రౌడీ కొడుతున్నంతసేపూ ఎవరూ చెయ్యి పెట్టకూడదు. దానంతటదే లేస్తుంది అన్నది మా మంత్రం.

ఆ రోజు పదకొండింటికి రౌడీని వదిలాం. ఐదు నిమిషాల్లో లేవాల్సిన యాప్ లేవలేదు. అప్పుడే అక్క ఫోన్ చేసింది.

“ఒరేయ్, మీ బావ గుండెల్లో నొప్పంటున్నారు. ఒళ్ళంతా చెమటలు. మీ యాప్ నొక్కితే గిరగిరా తిరుగుతోంది తప్ప ఏమీ రావట్లేదు. ఎదురింటాయన కారు తీస్తానంటున్నాడు, వెళ్ళిపోనా?”

“కారులో వద్దక్కా. అంబులెన్సులో ఆక్సిజన్ ఉంటుంది. రెండు నిమిషాలు ఆగు, దానంతటదే లేస్తుంది” అన్నాను. నా నోరు పడిపోను!

“ఆపండ్రా రౌడీని!” అని అరిచాను. మా లీడర్ ఆపే బటన్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మా వైపు తిరిగాడు.

“ఈ బటన్ కూడా... రౌడీ పడగొట్టిన సర్వర్ మీదే ఉంది.”

ఇన్ని చదువులు చదివి, తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేశాం. ఒక్కో సర్వర్‌నీ చేత్తో లేపడం మొదలుపెట్టాం. ఒకటి లేపితే రౌడీ ఇంకోదాన్ని కొడుతోంది. 108కైనా చెయ్యమందామంటే, మా ఊళ్ళో ఆ పిలుపులు అందుకునేదీ మా సర్వర్లే.

పావుగంటకి మళ్ళీ అక్క.

“అంబులెన్సు వస్తోందన్నానని ఎదురింటాయన వెళ్ళిపోయాడురా. ఆయన ఫోన్ కలవట్లేదు. ఈయన్ని వదిలి వీధిలోకి ఎలా పోను?”

నేను బయల్దేరినా గంట ప్రయాణం. మళ్ళీ సర్వర్లు లేపడంలో పడ్డాను.

ఇంకో పది నిమిషాలకి, “పిలిస్తే పలకట్లేదురా” అంది. ఫోన్ పెట్టేసింది.

పదకొండూ నలభైకి బటన్ ఉన్న సర్వర్ లేచింది, రౌడీ ఆగింది, తెరలన్నీ పచ్చబడ్డాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. లీడర్ ఊపిరి పీల్చుకుని చదివాడు: “ఒక్క పిలుపు కూడా తప్పిపోలేదు. ఆగినవన్నీ వరసలో వెళ్ళాయి.”

కాసేపటికి అక్క ఫోన్. ఏడవడం లేదు.

“బండొచ్చిందిరా. ఇద్దరు స్ట్రెచర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. పేషెంటు ఎక్కడమ్మా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?”