గుమాస్తా రాసిన ఇంటిపేరు

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే మనిషిని అందరూ అద్దాలాయన అనేవారు. యాభై ఆరేళ్ళు, ఒంటరివాడు. మూడేళ్ళ వయసులో బస్టాండులో ఏడుస్తూ దొరికితే పోలీసులు అనాథాశ్రమంలో చేర్చారు. అక్కడినుంచి వెంట తెచ్చుకున్న ఆస్తి ఇంటిపేరు ఒక్కటే. అదీ అరుదైనది. శుభలేఖ మీదో, దుకాణం బోర్డు మీదో ఆ పేరు కనబడితే ఆగి రెండుసార్లు చదువుకునేవాడు.

ఒకరోజు కళ్ళజోడు కోసం వచ్చిన లెక్కల మాస్టారి చీటీ మీద అదే ఇంటిపేరు. మాస్టారు రిటైరయ్యాక ఆ ఇంటిపేరువాళ్ళను నలభై మందిని కూడగట్టి వంశవృక్షం రాస్తున్నారు.

"ఇంటిపేరులాగే తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది ఒంట్లోనూ ఒకటుంది. వై క్రోమోజోమ్ అంటారు," అన్నారు మాస్టారు. "బుగ్గ లోపల పుల్లతో రుద్ది పంపావంటే మాలో నువ్వు ఎవరికి దగ్గరో తేలిపోతుంది. తేలేదాకా నువ్వు నాకు తమ్ముడివే."

నమూనా పంపి ఫలితం కోసం ఎదురుచూసిన రెండు నెలలూ అద్దాలాయన నేల మీద నడవలేదు. ఆదివారమొస్తే మాస్టారింట్లోనే భోజనం. మాస్టారి మనవరాలు చిన్నతాతా అంటూ భుజమెక్కేది.

ఫలితం వచ్చింది. నలభై మందిలో ఒక్కరితోనూ కలవలేదు.

"దానిదేముంది, నువ్వు రావడం మానకు," అన్నారు మాస్టారు. ఈసారి తమ్ముడూ అని పిలవలేదు. మరుసటి ఆదివారం ఒంట్లో బాగాలేదన్నారు. ఆపై వారం చుట్టాలొస్తున్నారన్నారు. అద్దాలాయన ఇక వెళ్ళలేదు.

ఉండబట్టలేక ఆశ్రమానికి వెళ్ళి అడిగాడు. ఒకప్పటి వంటామె ఇంకా అక్కడే ఉంది.

"ఆ ఇంటిపేరు మా గుమాస్తాది నాయనా. ఫారంలో ఖాళీ వదలకూడదని తనది రాసేశాడు. ఆ ఏడు వచ్చిన పిల్లలందరికీ అదే."

"ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదే."

"చెప్పి ఏడిపించడమెందుకని."

ఏడాది గడిచాక పరీక్ష చేసిన సంస్థ నుంచి కబురొచ్చింది. వేరే ఇంటిపేరున్న ఒక వడ్రంగితో అతని నమూనా పూర్తిగా కలిసిందట. ఆ వెంటే వడ్రంగి భార్య ఉత్తరం రాసింది. "మా ఆయన తమ్ముడు మూడేళ్ళప్పుడు బస్టాండులో తప్పిపోయాడు. అది మీరేనా?" ఊరు, బస్టాండు, సంవత్సరం, అన్నీ సరిపోయాయి.

అద్దాలాయన కొత్త చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. బస్సులో దారిపొడుగునా అన్నయ్యా, అన్నయ్యా అని లోలోపల అనుకుంటూనే ఉన్నాడు. ఎవరినీ ఎప్పుడూ అలా పిలిచింది లేదు.

తలుపు తీసినామె అతని మొహం పరీక్షగా చూసింది.

"రండి మరిదిగారూ," అంది. "ఆయన పోయి ఇరవై రెండు రోజులైంది. ఉత్తరంలో రాస్తే రారేమోనని రాయలేదు."

అద్దాలాయన చెప్పులు విడిచి గుమ్మంలోనే కూర్చున్నాడు. ఆమె మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆస్పత్రి మంచం మీదినుంచే నమూనా ఇచ్చారు. మీరు తప్పిపోయినప్పుడు ఆయనకు ఏడేళ్ళట. మీ అమ్మగారు టిక్కెట్లు తెస్తానని మీ చెయ్యి ఆయనకిచ్చి వెళ్ళారట. ఎవరో బొమ్మలమ్ముతుంటే చూస్తూ ఈయన చెయ్యి వదిలేశారట. వదిలింది నేనేగా, వెతకాల్సిందీ నేనే అనేవారు. బుడ్డోడు దొరికితే కోపముందేమో అడగమన్నారు."

అద్దాలాయన తన కుడి అరచేతిని చూసుకున్నాడు. ఎడమదీ చూసుకున్నాడు.

"నాకు ఆ చెయ్యే గుర్తు లేదు వదినా," అన్నాడు. "కోపం ఎక్కడినుంచి తేను?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళు తుడుచుకున్నాక అతను అడిగాడు.

"గొంతు ఎలా ఉండేది?"

"బొంగురుగా ఉండేది. కూనిరాగం తీస్తూ చెక్క నున్నగా అయ్యేదాకా చిత్రిక పట్టేవారు. ఒక్క పాటా పూర్తిగా రాదు," అంటూ ఆమె చెప్పసాగింది. తిరుగు బస్సు వేళ దాటిపోయినా ఇద్దరూ లేవలేదు.