ముఖం ఎరగని ఫోన్

పడవ నాలుగింటికి. టికెట్లు ఫోన్‌లో ఉన్నాయి. ఫోనేమో అల్లుడి మొహం చూసి తెరుచుకోనంటోంది.

అప్పటికి టైము మూడూ నలభై.

రేవు గేటు దగ్గర టికెట్లు చూసే మనిషి చెయ్యి చాచే ఉన్నాడు. అల్లుడు ఫోన్‌ని మొహానికి దగ్గరగా పెట్టాడు, దూరంగా పెట్టాడు, కళ్ళజోడు తీశాడు. ఎండకు నల్లబడ్డారేమో, నీడలోకి రండని భార్య సలహా ఇచ్చింది. నీడలోనూ అంతే. అంకెలు నొక్కితే తప్పంది. పెట్టుకున్నది పెళ్ళి తేదీయే కదా, అదైనా గుర్తుందా అని ఆమె దెప్పింది. ఉందనే అనుకున్నాడు. ఇప్పుడు దాని మీదా అనుమానం పుట్టింది.

ఆ దీవిలోని దీపస్తంభంలో మామగారు ముప్పై ఏళ్ళు దీపం వెలిగించారు. ఒక్కసారి మళ్ళీ ఆ మెట్లెక్కాలని ఆయన కోరిక. వచ్చే ఏడాదికి మోకాళ్ళు ఒప్పుకోవని డాక్టరు చెప్పేశాడు. ఈ పడవ ఇవాళ వెళ్ళి రేపు పొద్దున తిరిగొస్తే, ఇక నాలుగు నెలలు వానలు, పడవలు బంద్. అల్లుడు నెల్లాళ్ళు కూర్చుని అన్నీ ఫోన్‌లోనే ఏర్పాటు చేశాడు. చేతిలో కాగితమ్ముక్క లేదు.

ఫోన్ మోగింది. తెర మీద ‘ఇల్లు’ అని వచ్చింది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. ముగ్గురూ రేవులోనే ఉన్నారు. తాళంచెవి భార్య సంచిలో ఉంది.

అల్లుడు భయంభయంగా ఎత్తాడు.

“వచ్చేటప్పుడు పాలు తెండి,” అంది ఓ ఆడగొంతు. “మొన్నట్లా మర్చిపోకండి.” పెట్టేసింది.

పక్కనున్న భార్యకు అంతా వినపడింది.

“ఎవరావిడ?”

“తెలీదు.”

“ఏ ఇల్లు?”

“అదే నాకూ అర్థం కావట్లేదు.”

ఆ సంగతేదో తేల్చుకుందామని ఆమె తన ఫోన్ తీసి అతని నంబరుకు కొట్టింది. అతని చేతిలోది మోగలేదు. అవతల మాత్రం ఎవరో ఎత్తారు. ఆమె మొగుడి చేతి వైపు చూసింది, చెవి దగ్గరి ఫోన్‌ని ఇంకాస్త అదుముకుంది.

“అమ్మా, కొండ మీద మీకు ఫొటో తీసినవాణ్ణి,” అన్నాడతను రొప్పుతూ. “మీవారు నా ఫోన్ పట్టుకెళ్ళారు. పడవెక్కాలన్నారుగా, రేవుకే మెట్లు దిగుతున్నా. మాట్లాడించకండి.”

ఇందాక కొండ మీద ఫొటో తీసేటప్పుడు ఆ ఫొటోగ్రాఫరుకు ఒక చేతిలో తన ఫోన్, రెండో చేతిలో వీళ్ళది. రెండూ ఒకే రకం, ఒకే నల్ల కవరు, తెర మీద కొన్ననాటి నీలం పువ్వు బొమ్మే. తిరిగిచ్చేటప్పుడు చెయ్యి మారింది.

ఇదంతా చెబితే గేటు మనిషి ఓపిగ్గా విని, టికెట్టు చూపించమన్నాడు.

ఆలస్యమేమిటో చూద్దామని పడవ నడిపే సరంగు గేటు దాకా వచ్చాడు. మామగారిని చూసి ఆగిపోయాడు.

“దీపం బాబాయ్! నువ్వేనా?”

చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు. టికెట్టేదని గేటు మనిషి అడిగితే, ఈయనకి టికెట్టేమిటని కసిరాడు. మామగారు ఒకసారి వెనక్కి తిరిగి, “అల్లుడూ, మీరూ రండి,” అన్నారు, వాళ్ళెలాగూ వెనకే వస్తున్నట్టు.

వాళ్ళిద్దరికీ మాత్రం గేటు మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. నాలుగు కొట్టింది. తాడు విప్పారు.

మరో నిమిషానికి ఫొటోగ్రాఫరు చెమటలు కక్కుతూ వచ్చి ఫోన్ చేతిలో పెట్టాడు. అది అల్లుడి మొహం చూడగానే తెరుచుకుంది. మూడు టికెట్లు. గేటు మనిషి శ్రద్ధగా చూసి, అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు.

“నాన్న దగ్గర ఫోన్ లేదండీ,” అంది భార్య.

పడవ అప్పటికే గట్టుకు అందనంత దూరం వెళ్ళిపోయింది. మామగారు వెనక అంచున నిలబడి రెండు చేతులూ ఊపుతున్నారు. రమ్మంటున్నారో, ఉండమంటున్నారో ఇద్దరికీ తెలియలేదు. అల్లుడు మాత్రం, ఏదైతే అదయిందని, తనూ రెండు చేతులూ ఊపాడు.