మెట్ల మీద మాట్లాడకూడదు

పైఅంతస్తు పిల్లలు వరసగా క్యాంటీన్‌లోకి వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని, ముందున్నవాళ్ళ మెడ మీద చూపు నిలిపి, చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేకుండా వచ్చారు. యుడెల్కా బఠాణీల ట్రే వెనక గరిటె పట్టుకుని నిలబడి, రోజూలాగే కళ్ళతోనే కూతురిని వెతుక్కుంది. పసుపు రిబ్బన్ల పిల్లకీ, పొడుగు కుర్రాడికీ మధ్య ఆరియాని ఉండాలి. అక్కడ మనిషి లేదు, చోటు మాత్రమే ఉంది. ఆ బడి పద్ధతి అది. ఎవరైనా లేకపోతే వరస దగ్గరికి జరగదు, ఆ ఖాళీ కూడా వరసతోపాటే నడుస్తుంది.

పొద్దున్న తన చేత్తో తనే దిగబెట్టి వచ్చింది పిల్లని.

సౌత్ బ్రాంక్స్‌లో హైవే పక్కనున్న ఆ పాత ఇటుకల భవనంలో రెండు బడులున్నాయి. కింద రెండంతస్తుల్లో మామూలు సర్కారు బడి. పైన చార్టర్ స్కూలు. అదీ సర్కారు సొమ్ముతోనే నడుస్తుంది, ఫీజు లేదు, కానీ పెత్తనమంతా ఒక ట్రస్టు వాళ్ళది. సీటు కావాలంటే లాటరీలో పేరు రావాలి. పైవాళ్ళకి తూర్పు మెట్లు, కిందవాళ్ళకి పడమటి మెట్లు. భోజనాల గది ఒక్కటే, వేళలు వేరు. నర్సు ఒక్కతే, ఆవిడ గది కింద. యుడెల్కా ఆ రెండు బడులకీ కలిపి వండే వంటగదిలో పని చేస్తుంది.

"ఏమే, బఠాణీలు పెడతావా, వాటికి పూజ చేస్తావా?" అంది పక్కనుంచి మిలాడిస్. వంటగదికి పెద్ద ఆవిడే. నోరు పెద్దది, మనిషి అంతకన్నా పెద్దది. ఆవిడ మనవడు కింది బడిలో చదువుతున్నాడు. పైవాళ్ళకి ఇంకో రెండు గదులు కావాలని వాడి లైబ్రరీ ఎత్తేశారు, అప్పట్నించీ ఆవిడకి పైఅంతస్తంటే ఒళ్ళు మంట.

"అక్కా, ఆరియాని వరసలో లేదు."

"లేకపోతే అడుగు. ఆ టీచరమ్మ అక్కడే కదా నిలబడింది కొయ్యబొమ్మలాగా."

అడగడం మిలాడిస్ చెప్పినంత తేలికైతే యుడెల్కా ఎప్పుడో అడిగేది. క్రిస్మస్ సెలవుల తర్వాత బడివాళ్ళు ఆమెని రెండుసార్లు పిలిపించారు. పిల్ల వరసలో, మెట్ల మీద మాట్లాడుతోందన్నారు. వాళ్ళ గోడ మీద ప్రతి పిల్ల పేరుతోనూ ఒక క్లిప్పు ఉంటుంది, బుద్ధిగా ఉంటే ఆకుపచ్చ మీద, తప్పు చేస్తే పసుపు మీద, ఇంకా చేస్తే ఎరుపు మీద. ఆరియాని మాటిమాటికీ ఎరుపు మీదికి పోతోంది. రెండోసారి హెడ్ విట్లాక్ మేడమ్ చాలా మర్యాదగా, నవ్వుతూ, "మా బడి మీ పాపకి సరిపడదేమో, ఆలోచించుకోండి" అంది. పొమ్మనకుండా పొగబెట్టడమంటే అదే. వెయిటింగ్ లిస్టులో ఇరవైమంది తల్లులు ఆ సీటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకుని ఉన్నారు. యుడెల్కా సొంత చెల్లెలు వాళ్ళలో ఒకతె.

బడిని తిట్టుకోవడానికి కూడా లేదు. అందులో చేరిన ఏడాదిలోపే ఆరియాని బస్సు మీది అక్షరాలు, మందు సీసా మీది అక్షరాలు, చివరికి ఇంటి ఓనరు అంటించిన నోటీసు కూడా గడగడా చదివేస్తోంది. ఆ నోటీసు చదవడం యుడెల్కాకే రాలేదు. అలాంటి చదువు పోతుందేమోనన్న భయంతో ఆమె ఆ రెండోసారి ఇంటికి రాగానే పిల్లని తమ అపార్ట్‌మెంట్ మెట్ల మీద నిలబెట్టి తర్ఫీదు మొదలుపెట్టింది. పైకీ కిందకీ నడిపించింది. మధ్యలో పేరు పెట్టి పిలిచేది. గిలిగింతలు పెట్టేది. ఒకసారి వెనకనుంచి కెవ్వుమని అరిచింది. పిల్ల పలికితే మళ్ళీ మొదటినుంచి.

"ఎవరు పిలిచినా పలకకూడదు. నేను పిలిచినా సరే. అర్థమైందా?"

నెల తిరిగేసరికి ఆరియాని క్లిప్పు ఆకుపచ్చ మీదికి వచ్చి అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ వరస ముందు నిలబడి, పిల్ల లేదని గొడవ చేస్తే తల్లికి నిలకడ లేదంటారేమోనని యుడెల్కా భయపడింది. పొద్దున్న పిల్ల ఊపిరిలో సన్నగా పిల్లికూత వినబడింది. ఆ వీధిలో లారీల పొగకి ఇంటికో ఇన్‌హేలర్ ఉంటుంది, కొత్తేమీ కాదు. అయినా ఇంట్లో ఉంచేయాల్సింది. సెలవు పెడితే అది కూడా లెక్కలో రాసుకుంటారని పంపించింది. పళ్ళేలు నింపుతూనే ఉంది, గరిటె ట్రే అంచుకి టకటకా తగులుతూనే ఉంది. చివరి పిల్లాడు కూర్చున్నాక గాని ఆమె టీచరు కెల్సీ దగ్గరికి వెళ్ళలేదు.

"మిస్, మా ఆరియాని..."

"నర్సు దగ్గరికి పంపించాను" అంది కెల్సీ గుసగుసగా. పాతికేళ్ళు కూడా ఉండవు ఆ పిల్లకి, కళ్ళ కింద నల్లటి చారలు. "కొంచెం దగ్గుతోంది. పాసిచ్చి పంపించాను. చక్కగా నడుచుకుంటూ వెళ్ళింది, కంగారు పడకండి."

యుడెల్కాకి పోయిన ప్రాణం లేచొచ్చింది. వెనక్కొచ్చి ఆ మాటే మిలాడిస్‌కి చెప్పింది. మిలాడిస్ ముఖం మారిపోయింది.

"నర్సు నా ఎదురుగానే ఉంది కదే పొద్దుట్నించీ. మా మూడో క్లాసు వాడెవడో చెయ్యి విరగ్గొట్టుకుంటే ఐసు కోసం మన ఫ్రిజ్ దగ్గరికి మూడుసార్లు తిరిగింది. పైనుంచి ఒక్క పిల్ల కూడా రాలేదని, ఇవాళ హాయిగా ఉందని ఇప్పుడే అంది."

యుడెల్కా ఏప్రన్ కూడా విప్పకుండా పరుగెత్తింది. నర్సు గది తలుపు తీసే ఉంది. విరిగిన చెయ్యి కుర్రాడు చాక్లెట్ పాలు తాగుతున్నాడు. నర్సు తల అడ్డంగా ఊపింది.

తర్వాత జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కింది బడి ప్రిన్సిపాలు పైవాళ్ళ పిల్ల కాబట్టి పైవాళ్ళే చూసుకోవాలన్నాడు, మైకులో పిలిచినా తన మైకు కింది రెండంతస్తుల్లోనే వినబడుతుందన్నాడు. విట్లాక్ మేడమ్ పాస్ తీసుకుని తమ తలుపు దాటిన పిల్ల కిందే ఎక్కడో ఉంటుందంది. పిల్ల రెండు బడుల మధ్య పడి ఇద్దరికీ కాకుండా పోయింది. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను మాత్రం కెమెరాలు చూసి, పిల్ల భవనం దాటి బయటికి పోలేదని చెప్పాడు.

"మరి ఎక్కడుంది? ఎక్కడుందయ్యా నా బిడ్డ?" యుడెల్కా అతని చొక్కా పట్టుకుంది.

"మిస్ యుడెల్కా, కాస్త నెమ్మదిగా" అంది విట్లాక్ మేడమ్. "క్లాసులు జరుగుతున్నాయి."

యుడెల్కా నెమ్మదించింది! కూతురు కనబడకుండా పోయినా, ఆ మాటకి చొక్కా వదిలేసి, గొంతు తగ్గించి, సారీ మేడమ్ అంది.

తూర్పు మెట్లు వెతికారు. బాత్రూములు వెతికారు. కెల్సీ ఏడుపు ఆపుకుంటూ, తూర్పు మెట్ల దగ్గర పెద్ద పిల్లల వరస అడ్డొచ్చిందని, అందుకని పడమటి వైపునుంచి వెళ్ళమని తనే చెప్పానని ఒప్పుకుంది. అందరూ పడమటి మెట్ల దగ్గరికి వెళ్ళారు. బరువైన ఇనుప తలుపు. మెట్లలోకి వెళ్ళడానికి తెరుచుకుంటుంది, మెట్లలోంచి వెనక్కి రావడానికి తాళం కావాలి. పైవాళ్ళూ కిందవాళ్ళూ కలిసిపోకుండా ప్రతి అంతస్తుకీ అలాగే బిగించారు. సెక్యూరిటీ అతను తలుపు తీశాడు. లోపల లైటు పోయి ఎన్నాళ్ళయిందో.

"ఆరియానీ!" అని అతను కేకేశాడు. కెల్సీ పిలిచింది. యుడెల్కా కంచుకంఠంతో మూడుసార్లు పిలిచింది.

జవాబు లేదు.

"ఇక్కడ లేదు" అన్నాడతను. తలుపు ధడాలున మూసుకుంది. అందరూ జిమ్ వైపు నడిచారు. యుడెల్కా కూడా పది అడుగులు నడిచింది. అల్టాగ్రేసియా తల్లీ, నా పిల్లని నాకు చూపించు అని మొక్కుకుంటూ నడిచింది. జిమ్‌లో ఉంటే పిలవగానే పలుకుతుంది అనుకుంది. అక్కడ ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

పలకకపోతే లేనట్టా? మెట్ల మీద పిలిస్తే ఆరియాని పలుకుతుందా?

సెక్యూరిటీ అతని నడుముకున్న తాళాల గుత్తి లాక్కుని వెనక్కి పరుగెత్తింది. ఏ తాళమో తెలియక ఒక్కొక్కటే దూర్చి చూస్తోంది. వెనకనుంచి రొప్పుతూ వచ్చిన మిలాడిస్ ఆమె చేతిలోంచి గుత్తి అందుకుని, "ఈ తలుపు ఇటునుంచి తాళం లేకుండానే వస్తుందే, పిచ్చిమొహమా!" అని భుజంతో నెట్టి, మూసుకోకుండా తన పెద్ద ఒళ్ళే అడ్డం పెట్టి నిలబడింది.

యుడెల్కా చీకట్లో గోడ తడుముకుంటూ దిగింది. ఒక మలుపు, రెండో మలుపు. కింద వీధిలోకి తెరుచుకునే తలుపు ఉంది, దాని మీద ఎర్రటి కడ్డీ. ఎవరు నెట్టినా తెరుచుకుంటుంది, కాకపోతే అలారం మోగుతుంది. ఆ కడ్డీకి చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఆఖరి మెట్టు మీద ఆరియాని కూర్చుని ఉంది. వీపు నిటారుగా, చేతులు ఒళ్ళో కట్టుకుని, చూపు ఎదురుగోడ మీద నిలిపి, బడిలో ఎలా కూర్చోమన్నారో అలాగే కూర్చుంది. ఊపిరి ఈలలాగా కూస్తోంది. డొక్కలు లోపలికి పోతున్నాయి. తలుపు సందులోంచి వచ్చే వెలుగులో పెదాలు నీలంగా కనబడ్డాయి.

"అమ్మా! నా తల్లీ! మాట్లాడవే!"

ఆరియాని తల తిప్పి చూసింది. తల్లిని చూసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెదవులు గట్టిగా బిగించి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

అప్పుడు అరిచింది యుడెల్కా. ఆ ఎర్ర కడ్డీని కాలితో తన్ని, అలారం చెవులు గింగురుమనేలా మోగుతుంటే, దాన్ని మించి అరిచింది. నర్సు ఇన్‌హేలర్ పట్టుకుని మెట్లు దూకుతూ వచ్చింది. రెండు బడుల పిల్లలూ అలారం విని వీధిలోకి వచ్చారు. కిందివాళ్ళు గుంపుగా అరుచుకుంటూ, పైవాళ్ళు వరసగా. అంబులెన్సు వాళ్ళ పక్కనుంచే పోయింది. కెల్సీ ఒక్కతే వరస వదిలేసి దాని వెంట కొంతదూరం పరుగెత్తింది.

ఆస్పత్రిలో మాస్కు పెట్టి మందు పొగ పట్టించాక, పిల్ల పెదాలకి మెల్లగా రంగొచ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే అని డాక్టరు మాట మొదలుపెట్టి, తల్లి ముఖం చూసి ఆపేశాడు. మిలాడిస్ వంటగదిని ఎవరికో అప్పజెప్పి వచ్చి, మంచం పక్కన కుర్చీలో పట్టీపట్టకుండా కూర్చుని, పైఅంతస్తు వాళ్ళని ఒక్కొక్కరినే పేరుపేరునా తిడుతోంది.

ఫోను మోగింది. విట్లాక్ మేడమ్.

గొంతు వణుకుతోంది ఆవిడకి, నిజంగానే ఏడ్చినట్టుంది. క్షమించమంది. ఆ తలుపుల సంగతి ఇవాళే తేలుస్తానంది. తర్వాత అంది, "పాప ఒక్క నియమం కూడా తప్పలేదు, మిస్ యుడెల్కా. అంత కష్టంలో కూడా! మా టీచర్లందరికీ చెప్పాను. సరిపడదేమో అని అప్పుడు నేనన్న మాట మర్చిపోండి. తన సీటుకి ఎప్పటికీ ఢోకా లేదు."

"థాంక్యూ మేడమ్" అంది యుడెల్కా.

పెదవి చివరి మాట కాదు అది. ఛాతీలో నెలల తరబడి కూర్చున్న బరువు దిగిపోయి, కడుపులోంచి వచ్చిన మాట. ఫోను పెట్టేశాక చూస్తే మిలాడిస్ తిట్టడం ఆపేసి ఆమె వంక చూస్తోంది.

"దేనికే థాంక్యూ?" అంది.

యుడెల్కా ఫోను ఏప్రన్ జేబులోకి తోసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆరియాని మాస్కు కిందికి లాగింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "అమ్మా, నువ్వు పైనుంచి పిలిచావు కదా. నేను విన్నాను. అయినా పలకలేదు" అంది. మెచ్చుకుంటుందని తల్లి ముఖంలోకి చూస్తోంది.

యుడెల్కా పిల్లని గుండెలకి అదుముకుంది. "తప్పు నాదే తల్లీ. ఇకమీదట పిలిస్తే పలకాలి. మెట్ల మీదైనా, ఎక్కడైనా సరే. ఊపిరాడకపోతే అరవాలి. గట్టిగా అరవాలి."

ఆరియాని చటుక్కున విడిపించుకుంది. ఆ చీకట్లో, ఊపిరాడనప్పుడు కూడా ఆ పిల్ల ముఖంలో లేని భయం ఇప్పుడు కనబడింది. తలుపు వైపు చూసి, ఎవరైనా విన్నారేమోనని, చిన్న అరచేత్తో తల్లి నోరు గట్టిగా మూసింది.

"అలా అనకమ్మా" అంది గుసగుసగా. "సీటు పోతుంది."